హాంకాంగ్ వాణిజ్య కార్యాలయాల హోదా రద్దయితే మనకు ఏమిటి నష్టం, ఏమిటి లాభం?

రామ్మోహన్, ఎడిసన్
హాంకాంగ్ ప్రభుత్వానికి వాషింగ్టన్, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోలలో ఆర్థిక వాణిజ్య కార్యాలయాలు ఉన్నాయి. హాంకాంగ్ బ్రిటన్ చేతి నుంచి చైనాకు మారడానికి నాలుగు రోజుల ముందు, 1997 జూన్ 27న, వీటికి అంతర్జాతీయ సంస్థలకు ఇచ్చేలాంటి రక్షణలు, మినహాయింపులు ఇవ్వడానికి అమెరికా ఒక చట్టం చేసింది. ఆ హోదాకు ఈ కార్యాలయాలు ఇంకా తగినవేనా అన్నది అధ్యక్షుడు తేల్చి కాంగ్రెసుకు తెలపాలని, తగవని తేలితే 180 రోజుల్లో మూయించాలని చెప్పే బిల్లు 2024 సెప్టెంబరు 10న ప్రతినిధుల సభలో 413–3 ఓట్లతో నెగ్గింది. సెనేటు ఆమోదం దొరక్కుండానే ఆ కాంగ్రెసు గడువు ముగిసి మురిగిపోయింది. న్యూజెర్సీ సభ్యుడు క్రిస్ స్మిత్ దాన్ని మళ్లీ ప్రవేశపెట్టారు. ఇది రెండు ప్రభుత్వాల పంతమా, లేక అమెరికాలోని మనలాంటి ఉద్యోగస్థులకు, చిన్న వ్యాపారులకు, విద్యార్థులకు దీనితో నిజంగా పని ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

వెంకట్, ఏలూరు
ఎవరి ఆఫీసు ఎవరు మూయించుకుంటే మనకేమిటండీ? ముందు ఇండియన్ కాన్సులేటులో ఫోన్ ఎత్తే మనిషి దొరికితే చాలు.

ముత్యాల మూర్తి
వెంకట్ గారికి పని లేకపోవచ్చు, నాకు ఉంది. మాది హైదరాబాదు పత్తర్‌గట్టిలో తాతల నాటి ముత్యాల దుకాణం, దాని అమెరికా వ్యాపారం నేను చూసుకుంటాను. మా షోకేసులో ఉండే మంచినీటి ముత్యాల్లో ఎక్కువ భాగం చైనా చెరువుల్లో పండి హాంకాంగ్ మీదుగా వచ్చినవే. ఆ సరుకును ఫొటో చూసి కొనడం కుదరదు. గుత్తులుగా కట్టిన ముత్యాలను తెల్లగుడ్డ మీద పరిచి, వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చొని, పూసపూసా దొర్లించి మెరుపు ఎక్కడ చచ్చిందో చూసుకోవాలి. అందుకే ప్రతి మార్చిలో అక్కడి నగల ప్రదర్శనకు వెళ్తాము. వాణిజ్య కార్యాలయాలను వెళ్లగొట్టి తలుపులు మూసుకుంటే మాలాంటి చిన్నవాళ్లకు వీసా ఎవరిస్తారు, ప్రదర్శనకు ఆహ్వానం ఎవరు పంపుతారు? 413 మందిలో ఒక్కరైనా ఈ ప్రశ్న వేశారా?

గోదావరి లాయరు
మూర్తి గారు చెప్పిన రెండు పనులూ ఆ కార్యాలయాలు చేసేవి కావు. మార్చి నగల ప్రదర్శన నడిపేది 1966లో ఏర్పడిన హాంకాంగ్ వాణిజ్యాభివృద్ధి మండలి, అది వేరే సంస్థ. భారత పౌరులు 14 రోజుల లోపు సందర్శనకు 2017 నుంచి ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు చేసుకుంటున్నారు, దానిని అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ చూస్తుంది. అమెరికా నుంచి వీసాకు పెట్టుకునేవారు చైనా రాయబార కార్యాలయానికో, నేరుగా హాంకాంగ్‌కో దరఖాస్తు చేస్తారు. ఇక ధరల మాట. హాంకాంగ్‌కు అమెరికా ఇస్తూ వచ్చిన ప్రత్యేక గుర్తింపు 2020 జూలైలో అధ్యక్షుడి ఉత్తర్వుతోనే పోయింది, చిన్న పార్సిళ్లకు సుంకం మినహాయింపు 2025 మే 2న పోయింది. మీ ఖర్చు పెరిగి ఉంటే అలాంటివాటి వల్లే. ఈ బిల్లు వల్ల మీ గుత్తికి ఒక్క డాలరు కూడా పెరగదు.

ముత్యాల మూర్తి
కాగితం మీద మండలి వేరు, కార్యాలయం వేరు కావచ్చును గాని, రెండింటి వెనుకా ఉన్నది ఒకే ప్రభుత్వం కదా. ఒకరిని గెంటేస్తే రెండోవారు చేతులు కట్టుకొని కూర్చుంటారా? 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సల్ జనరల్‌ను అరెస్టు చేస్తే ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం ముందున్న బారికేడ్లను మనవాళ్లు తీయించలేదా? ప్రతీకారం ఎప్పుడూ ఒప్పందంలో రాసిన చోట పడదు, పక్కవాడి మీద పడుతుంది. ఆ పక్కవాళ్లం మేము.

సుభద్ర, సన్నీవేల్
సామాన్యులు అనగానే వ్యాపారులే గుర్తుకు రావడం నాకు వింతగా ఉంది. నా బృందంలో హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. 2023 జూలైలో అక్కడి పోలీసులు విదేశాల్లో ఉన్న ఎనిమిది మంది ప్రజాస్వామ్య ఉద్యమ కార్యకర్తల తలలకు ఒక్కొక్కరికి పది లక్షల హాంకాంగ్ డాలర్ల చొప్పున బహుమతి ప్రకటించిన తరువాత ఆమె ఇక్కడి సభలకు వెళ్లడం మానేసింది. అంతకుముందు ప్లకార్డు పట్టుకొని నిలబడేది, ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర కూడా ఆ ఊసెత్తదు. ఎందుకంటే తల్లిదండ్రులు ఇంకా అక్కడే ఉన్నారు. ఇది వట్టి అనుమానం కాదు. ఆ ఎనిమిది మందిలో వాషింగ్టన్‌లో పనిచేసే ఒకరి తండ్రిని 2025లో, కూతురి బీమా పాలసీ డబ్బు తీయబోయారని అరెస్టు చేశారు. అలాంటి ప్రభుత్వం ఈ దేశంలో మూడు కార్యాలయాలు పెట్టుకొని, వాటికి చట్టపు రక్షణ కూడా పొందుతుంటే, నా సహోద్యోగి ఆ వీధిలో నడవడానికి భయపడటం తప్పా?

గోదావరి లాయరు
ఆమె భయాన్ని నేను కాదనను. కానీ తండ్రిని అరెస్టు చేసినది హాంకాంగ్ పోలీసులు, హాంకాంగ్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మాంట్‌గోమరీ వీధిలో ఉన్న కార్యాలయం ఏ చట్టాన్ని ఉల్లంఘించిందో చెప్పండి.

సుభద్ర, సన్నీవేల్
లండన్ సంగతి మీకు తెలియదా? అక్కడి హాంకాంగ్ వాణిజ్య కార్యాలయపు మేనేజరు మీద, మరి ఇద్దరి మీద 2024 మేలో, హాంకాంగ్ గూఢచార విభాగానికి సహకరించారని బ్రిటన్ పోలీసులు అభియోగాలు మోపారు.

గోదావరి లాయరు
తెలుసు, నా వాదనకు ఆధారమే అది. ఆ లండన్ కార్యాలయానికి రక్షణలిచ్చే ప్రత్యేక చట్టం 1996 నుంచి బ్రిటన్‌లో ఉంది. అయినా ఆ మేనేజరు మీద కేసు పెట్టడానికి అది అడ్డు రాలేదు. అమెరికాలో ఈ కార్యాలయాల రక్షణలన్నీ 1945 నాటి అంతర్జాతీయ సంస్థల చట్టం నుంచి తెచ్చుకున్నవి. అందులో ఉద్యోగికి ఉన్న రక్షణ అధికారిక విధుల్లో చేసిన పనులకే పరిమితం. ఎవరినైనా బెదిరించినా, వెంటాడి గూఢచర్యం చేసినా అవి అధికారిక విధులని ఏ న్యాయస్థానమూ అనదు. ఇదే 1945 చట్టం మీద మన దేశపు మత్స్యకారులు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారన్న సంగతి ఎందరికి తెలుసు? గుజరాత్‌లోని ముంద్రా థర్మల్ విద్యుత్ కేంద్రానికి అప్పిచ్చిన, ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ మీద, మా చేపలూ మా నీళ్లూ పాడయ్యాయని బుధా ఇస్మాయిల్ జామ్, మరికొందరు వాషింగ్టన్‌లో దావా వేశారు. ఆ సంస్థకు సంపూర్ణ రక్షణ లేదని, విదేశీ ప్రభుత్వాలకు ఉన్నంతే ఉంటుందని, అంటే వాణిజ్య వ్యవహారాల్లో దావా వేయవచ్చునని 2019 ఫిబ్రవరిలో 7–1 తో తీర్పు వచ్చింది. చట్టం అప్పటికే సామాన్యుడి వైపు కొంత వంగింది. కొత్త బిల్లు దానికి కలిపేది ఏమీ లేదు.

పద్మ, డల్లాస్
ఆ మత్స్యకారులు చివరికి గెలిచారా?

గోదావరి లాయరు
లేదండీ. వ్యవహారం ప్రధానంగా అమెరికాలో జరగలేదని కింది కోర్టు మళ్లీ కొట్టేసింది, పై కోర్టు సమర్థించింది. కానీ ఆ కారణం వేరు.

పద్మ, డల్లాస్
కారణం ఏదైనా వాళ్ల చేతికి పైసా రాలేదన్నమాట. లాయర్లు తలుపు తెరిచామంటారు, లోపల గది ఖాళీగా ఉంటుంది. నేను ఇంకో ఉదాహరణ చెబుతాను. తైవాన్‌కు కూడా ఇక్కడ రాయబార కార్యాలయం లేదు, ఆర్థిక సాంస్కృతిక కార్యాలయాలే ఉన్నాయి. 2011 నవంబరులో కాన్సాస్ సిటీ కార్యాలయపు అధిపతిని ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. ఆమె ఫిలిప్పీన్స్ నుంచి ఇంటిపనికి తెచ్చుకున్న మహిళకు కాంట్రాక్టులో నెలకు 1,240 డాలర్లు రాసి, చేతిలో పెట్టింది 400, 450 డాలర్లు. పాస్‌పోర్టు తీసుకుంది, అనుమతి లేకుండా గడప దాటనివ్వలేదు. తైవాన్ ప్రభుత్వం ఆమెకు రక్షణ వర్తిస్తుందని వాదించింది, అమెరికా విదేశాంగ శాఖ అధికారిక విధులకే అని తేల్చింది. నేరం ఒప్పుకొని, ఇద్దరు పనివారికి 80,044 డాలర్లు కట్టి, దేశం విడిచి వెళ్లింది. వాణిజ్య కార్యాలయాల హోదా అంటే నాకు గుర్తొచ్చే సామాన్యురాలు ఆ ఇంటిపని మనిషి. ప్రదర్శనలకు వెళ్లే వ్యాపారులూ కాదు, ప్లకార్డులు పట్టుకునేవారూ కాదు. ఆ మాట ఈ బిల్లులో ఎక్కడుంది?

గోదావరి లాయరు
ఎక్కడా లేదు. నేనూ అదే అంటున్నాను.

వెంకట్, ఏలూరు
మొదట ఇది మనకెందుకు అన్నాను గాని, ఇంటిపని మనిషి కథ చదివాక నా బాధ కూడా రాయక తప్పడం లేదు. మా బావమరిది ఢిల్లీలో ఏసీల కాంట్రాక్టరు. ఒక విదేశీ వాణిజ్య కార్యాలయానికి, పేరు రాయను, మూడు అంతస్తులకు డక్టింగు మార్చి ఇచ్చాడు. సగం డబ్బిచ్చి మిగతాది ఎగ్గొట్టారు. దావా వేద్దామంటే వకీలు, సివిల్ ప్రొసీజరు కోడ్ సెక్షన్ 86 చూపించి, విదేశీ ప్రభుత్వం మీద దావాకు ముందుగా కేంద్ర ప్రభుత్వం అనుమతి తెచ్చుకోవాలన్నాడు. ఏసీ మెకానిక్కు విదేశాంగ శాఖ గేటు దగ్గర ఎవరు వింటారు? రాగి గొట్టాలు కొన్న షాపువాడికి మాత్రం సెక్షన్లు లేవు, వాడు రోజూ ఇంటికి వచ్చాడు.

గోదావరి లాయరు
సానుభూతి ఉంది, కానీ అది భారత చట్టం, ఇక్కడి చర్చ అమెరికా బిల్లు. అయినా మీ బావమరిదికి దారి ఉంది. ఢిల్లీలోనే అల్జీరియా రాయబార కార్యాలయానికి మరమ్మతులు చేసి డబ్బు రాని హర్భజన్ సింగ్ ధల్లా అనే కాంట్రాక్టరుకు కేంద్రం రాజకీయ కారణాలు చెప్పి అనుమతి నిరాకరిస్తే, కారణాలు పరిశీలించకుండా అలా తోసేయకూడదని, మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. 2011లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ ఆ సెక్షన్ చాటున దాక్కోబోతే వాణిజ్య వ్యవహారంలో కుదరదని తేల్చింది.

వెంకట్, ఏలూరు
ఆ ధల్లా గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లేసరికి ఎన్ని ఏసీల డబ్బు ఖర్చయిందో అది కూడా తీర్పులో రాశారా?

ముత్యాల మూర్తి
అందరూ తలా ఒక కథ చెబుతున్నారు గాని నా ప్రశ్నకు జవాబు లేదు. సుభద్ర గారి సహోద్యోగి భయపడుతోందని న్యూయార్క్‌లో కార్యాలయం మూసేయాలా? ఏటా ఫ్లషింగ్ మెడోస్‌లో డ్రాగన్ పడవల పోటీలకు ఆ కార్యాలయమే అండగా ఉంటుంది, వేలమంది పిల్లాపాపలతో వస్తారు. వాళ్లు సామాన్యులు కారా? ఒక అమ్మాయి మనసులోని భయానికి మా నలభై కుటుంబాల బతుకు తెరువును తూకం వేస్తారా?

సుభద్ర, సన్నీవేల్
మీ దుకాణం పేరు ఇక్కడ రాయగలరా మూర్తి గారూ? ఇదే చర్చలో బహుమతుల ప్రకటన తప్పు అని మీ అసలు పేరుతో ఒక్క వాక్యం రాయండి. రాయరు. మార్చిలో విమానం దిగినప్పుడు ఇమ్మిగ్రేషన్ కౌంటరు దగ్గర ఏమవుతుందోనని. ఆ అమ్మాయి భయం, మీ భయం ఒకే చోటి నుంచి వస్తున్నాయి. కాకపోతే మీరు దాన్ని వ్యాపారం అంటున్నారు.

ముత్యాల మూర్తి
పరువుగా మాట్లాడండి. నా ఇంటిపేరు చెప్పించుకొని మీరు సాధించేదేమిటి? సరే, నేను కూడా సూటిగా అడుగుతాను. 2024 అక్టోబరులో కెనడా మన హైకమిషనరుతో సహా ఆరుగురు దౌత్యాధికారులను వెళ్లిపొమ్మంది. కారణం ఏమిటి? ఆ దేశంలోని వేర్పాటువాదుల మీద నిఘా, బెదిరింపు అన్న ఆరోపణలే కదా. భారత్ వాటిని పూర్తిగా తోసిపుచ్చి కెనడా వాళ్లను ఆరుగురిని పంపేసింది. అంతకు ముందు ఏడాది, 2023లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో మన కాన్సులేటుకు నిప్పు పెట్టబోయారు, అది మీకు పక్క ఊరే. రేపు ఎవడో ఒక సభ్యుడు ఇదే బిల్లులో హాంకాంగ్ తీసేసి ఇండియా పేరు రాస్తే అప్పుడు కూడా 413 ఓట్లకు చప్పట్లు కొడతారా? మన అమ్మానాన్నల పాస్‌పోర్టు రెన్యువల్, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే) కార్డు ఎక్కడికి తీసుకెళ్తారు?

నిద్రపట్టనివాడు
ఇప్పటికి అసలు విషయం బయటికొచ్చింది.

గోదావరి లాయరు
కాన్సులేట్లకు 1963 వియన్నా ఒప్పందం ఉంది, ఒక్క బిల్లుతో అవి ఇలా పోవు. కానీ మూర్తి గారి అనుమానం వెనుక ఉన్న సూత్రంతో నేను ఏకీభవిస్తాను. నిర్ణయం అధ్యక్షుడి చేతిలో పెట్టారు, ఏ ఆధారం మీద నిర్ణయించాలో, కార్యాలయానికి జవాబు చెప్పుకునే అవకాశం ఉందో లేదో రాయలేదు. సరేనన్నా ఏడాది తిరిగేసరికి మళ్లీ తేల్చాలి. అంటే సుంకాల బేరంలో అది ఏటా వాడుకునే చదరంగపు పావు అవుతుంది.

సుభద్ర, సన్నీవేల్
జవాబు చెబుతాను. అవును, ఇండియా పేరు రాసినా నాకు అభ్యంతరం లేదు. మన కార్యాలయంలో ఎవరైనా ఇక్కడున్న మనిషిని అతని నాన్న పేరు చెప్పి బెదిరించారని రుజువైతే ఆ కార్యాలయానికి గౌరవం ఉండకూడదు. ఓసీఐ కార్డు కోసం నేను ఇంకో ఊరు వెళ్తాను. ఇక్కడ చాలామందికి ఈ మాట గిట్టదని తెలుసు. నా అభిప్రాయం ఇదే.

ముత్యాల మూర్తి
రుజువైతే అన్నారు. బిల్లులో రుజువు అన్న మాట లేదని లాయరు గారే ఇప్పుడే చెప్పారు. మీరు ఒప్పుకునేది వేరే చట్టాన్ని.

నిర్వాహకుడు
వ్యక్తిగత ప్రస్తావనలు, అసలు పేర్లు అడగడం ఆపవలసిందిగా మనవి. విషయం మీద రాసేవారికి అభ్యంతరం లేదు.

రామ్మోహన్, ఎడిసన్
నేను మా ప్రతినిధికి లేఖ రాద్దామనుకుంటున్నాను. అధ్యక్షుడి నిర్ణయానికి ఆధారాలు బహిరంగపరచాలని, ఇంటిపనివారి ఫిర్యాదులకు కార్యాలయ రక్షణ అడ్డు రాకూడదని రెండు కోరికలు చేరుస్తాను. సంతకాలు పెట్టేవారు పేర్లు పంపండి.

పద్మ, డల్లాస్
నా పేరు చేర్చండి.

సుభద్ర, సన్నీవేల్
నాదీ. మూర్తి గారిదీ అడగండి.

ముత్యాల మూర్తి
లేఖలో రెండు కోరికలూ నాకు సమ్మతమే. సంతకం మాత్రం పెట్టను. మీరు ఏమనుకున్నా సరే, మార్చికి నా టికెట్టు బుక్ అయింది.

గోదావరి లాయరు
రామ్మోహన్ గారూ, ఇంటిపనివారి విషయం రాసేటప్పుడు దావా హక్కు అని కాకుండా, అధికారిక విధుల్లోకి ఇంటి నౌకరీ రాదని స్పష్టం చేయమని అడగండి. లేకపోతే కమిటీ వాళ్లు అది ఇప్పటికే చట్టంలో ఉందని లేఖను పక్కన పెడతారు.