‘సేసె నీ వుయ్యాల’: ఆ ‘నీ’ ఎవరిది?

తిరుపతి నుంచి ప్రశ్న:
ఇంట్లో కట్టుకుంటున్న వాల్వు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టం) యాంప్లిఫయర్ గురించి తెలుగులో వివరణ రాసుకుంటున్నాను. చివరి దశలో రెండు ఈఎల్84 వాల్వులు, వాటికి ముందు ఒక ఈసీసీ83 ఉన్నాయి. స్విచ్చి వేసి వాల్వులు వేడెక్కాక, పాట ఏదీ పెట్టకుండానే, స్పీకరు కాగితం సెకనుకు రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ గుబుగుబుమంటోంది. ఇంగ్లీషువారు దీన్ని మోటారు పడవ చప్పుడుతో పోల్చారు. పాఠ్యపుస్తకాల ‘డోలనం’ అన్ని ఊపులకూ ఒకటే కాబట్టి, ఈ నెమ్మది ఊపుకు ‘ఉయ్యాల’ అని రాద్దామనుకుంటుండగా అన్నమయ్య పల్లవి గుర్తుకు వచ్చింది: ‘అలర చంచలమైన ఆత్మలందుండ నీ యలవాటు సేసె నీ వుయ్యాల’. ఇందులో రెండవ ‘నీ’ స్వామిదా, లేక ‘సేసెను ఈ వుయ్యాల’ అని విడదీయాలా?

మదనపల్లె నుంచి:
‘సేసెను + ఈ’ అన్నదే సరి. మొదటి చరణంలో ‘వుడుమండలము మోచె నుయ్యాల’ అన్నచోట నకారం ‘మోచెను’లోని ద్రుతమే (మాట చివరి నకారమే) గాని ‘నీ’ కాదు. పల్లవిలోనూ అదే నకారం ‘ఈ’తో కలిసింది. పైగా ‘నీ యలవాటు’ అని స్వామిని ఒకసారి పిలిచాక మళ్ళీ ‘నీ’ అనవలసిన అవసరం లేదు. చంచలమైన ఆత్మలలో ఉండడాన్ని నీకు అలవాటు చేసింది ఈ ఉయ్యాల అని అన్వయం.

శ్రీకాళహస్తి నుంచి:
అయ్యా, ఆ వెంటనే ‘అఖిలంబు నిండె నీ వుయ్యాల’ అని ఉన్న సంగతి మరచినట్టున్నారు. ఉదయాస్త శైలాలు కంభాలుగా, ఆకాశపదం అడ్డదూలంగా కట్టిన ఉయ్యాలను ‘ఈ’ అని వేలు పెట్టి చూపడం కంటె ‘నీ’ అని స్వామికి అప్పగించడమే అన్నమయ్య భక్తికి తగినది. తిరుమలలో సాయంకాలం ఊంజల్సేవ చూసినవారికి ఆ ఉయ్యాల ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

మదనపల్లె నుంచి:
ఊంజల్సేవలో ఉయ్యాల కళ్ళ ఎదుటే ఉంటుంది కాబట్టే ‘ఈ’ అంటున్నాను.

చిత్తూరు నుంచి:
మీరిద్దరూ వదిలేసిన అక్షరం ‘వు’. వ్యాకరణం ప్రకారం ‘ఈ’ తరువాతైనా ‘నీ’ తరువాతైనా యడాగమం (రెండు అచ్చుల మధ్య యకారం) వచ్చి ‘యుయ్యాల’ కావాలి. ‘వుయ్యాల’ అన్నది పలుకుబడి, మన సీమలో ముసలివాళ్ళు నేటికీ అలాగే అంటారు. కాబట్టి సంధి సూత్రంతో ఈ తగవు తీరదు, పాడేవారు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో వినాలి. ‘సేసె’ దగ్గర ఆగితే ‘నీ’ అవుతుంది, ఆగకపోతే ‘ఈ’ అవుతుంది. మా అమ్మ ఆగేది కాదు.

ఇక యాంప్లిఫయర్ మాట. చివరి వాల్వులు కరెంటు లాగినప్పుడల్లా సప్లయి వోల్టేజి తగ్గి, ఆ తగ్గుదల మొదటి దశకు చేరి, పెరిగి మళ్ళీ చివరి దశకే వస్తుంది. మొదటి దశకు విడిగా రెసిస్టరు, దాని వెనుక మంచి కెపాసిటరు పెట్టి ఆ దారి మూయండి. ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ తీగను విప్పి చూడండి. అప్పటికీ ఊగితే తప్పు సప్లయిలోనే ఉందని అర్థం. కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు కాబట్టి, స్విచ్చి తీసినా వాటిని రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టండి.

తిరుపతి నుంచి:
ఫీడ్‌బ్యాక్ తీగ విప్పినా ఊగింది. మొదటి దశకు ఉన్న పాత 8 మైక్రోఫారడ్ కెపాసిటరు తీసి 47 మైక్రోఫారడ్‌ది వేశాను. ఊపు ఆగలేదు, ఇంకా నెమ్మదించింది.

చిత్తూరు నుంచి:
తాళ్ళు పొడుగు చేస్తే ఉయ్యాల నెమ్మదిస్తుంది గాని ఆగదు. అందుకే మీరు ఎంచుకున్న మాట నాకు నచ్చింది. కెపాసిటరు ఒక్కటీ పెంచితే చాలదు, దానికి ముందున్న రెసిస్టరును కూడా పెంచాలి. దశల మధ్య కలిపే కెపాసిటర్లలో ఒకదాన్ని తగ్గించి చూడండి. ఊపు నెమ్మదించేకొద్దీ అన్ని దశలూ ఒకే వేగం దగ్గర తడబడకుండా, ఒకటి ముందు, మరొకటి ఇంకా చాలా నెమ్మది ఊపు దగ్గర తడబడాలి. 1947 నాటి పేరున్న వాల్వు నమూనా, విలియమ్సన్ యాంప్లిఫయర్‌ను కట్టినవారు కూడా ఈ నెమ్మది ఊపుతోనే కష్టపడ్డారు.

మదనపల్లె నుంచి:
అలాగైతే ‘ఉయ్యాల’ కంటె పల్లవిలోని ‘చంచలం’ మీకు ఎక్కువ పనికివస్తుంది. ఆగకుండా ఊగేది ఉయ్యాల. తాకితే ఊగి, కాసేపటికి నిలిచేది చంచలం. బాగుచేశాక కూడా మీ యాంప్లిఫయర్‌కు ఆ రెండవ గుణం మిగిలి ఉండవచ్చు, దానికీ పేరు కావాలి.

శ్రీకాళహస్తి నుంచి:
ఆ భేదం బాగుంది, ఒప్పుకుంటున్నాను. ‘నీ’ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ‘పలుమారు నుచ్ఛ్వాస పవనమందుండ నీ భావంబు దెలిపె నీ వుయ్యాల’ అన్న పాదం కూడా చూడండి. ఎవరూ తోయకుండా మన ఊపిరితోనే ఊగే ఉయ్యాల అది, లోపల ఉన్నవాడిది కాక మరెవరిది?

తిరుపతి నుంచి:
రెసిస్టరు పెంచి, కలిపే కెపాసిటరు ఒకటి తగ్గించాక కాగితం కదలడం లేదు. వివరణలో ‘ఉయ్యాల’, ‘చంచలం’ రెండూ వేరువేరుగా వాడుతున్నాను. పల్లవిని శీర్షికగా పెట్టాలనుంది గాని, ‘సేసె’ తరువాత ఖాళీ వదలాలో కలిపి రాయాలో ఇంకా తేల్చుకోలేదు.