కస్టడీ కేసులో ఎవరి మాట చెల్లుతుంది: రూల్స్‌దా, చట్టానిదా?

మలక్‌పేట్_చదువరి:
విడాకుల ఓపీ (ఒరిజినల్ పిటిషన్, అంటే అసలు కేసు) హైదరాబాద్ పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. నాలుగేళ్ల బాబు తల్లితో హనుమకొండలో ఉన్నాడు, తండ్రి హైదరాబాద్‌లో. బాబు కస్టడీ ఇక్కడే అడగొచ్చా? గార్డియన్స్ చట్టం (గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890) 9వ సెక్షన్ చూస్తే బిడ్డ ఉండే ఊళ్లోనే వెయ్యాలంటోంది. ఫ్యామిలీ కోర్టు రూల్స్ ముందు మిగతా చట్టాలేవీ నిలవవని ఒకాయన అంటున్నారు. నిజమేనా? అప్పీలుకు 30 రోజులా, 90 రోజులా?

వకాలత్_నామా:
ఆయన చెప్పింది సగమే నిజమండీ. హైకోర్టు చేసిన రూలుకి పార్లమెంటు చట్టాన్ని తోసిపుచ్చే బలం సొంతంగా ఉండదు. చట్టం ఇస్తేనే వస్తుంది. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984లో 10(1) చదవండి: సీపీసీ (సివిల్ కేసుల విధానం చెప్పే చట్టం), ఇతర చట్టాలు ఈ కోర్టులో వర్తిస్తాయి, అయితే ఈ చట్టానికీ, రూల్స్‌కీ లోబడి. 20వ సెక్షన్ ఇంకా గట్టిది, మరే చట్టంతో పొసగకపోయినా ఈ చట్టానిదే పైచేయి. కానీ అందులో రూల్స్ ఊసు లేదు, గమనించండి. కాబట్టి పిటిషన్ నమూనా, నోటీసు, కౌన్సెలింగ్ వంటి వాటిలో రూలు సీపీసీని పక్కన పెట్టగలదు. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది రూలు తేల్చే సంగతి కాదు. దానికి 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ ఉంది, బిడ్డ క్షేమమే ప్రధానం. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న 6(ఎ)ని కూడా ఆ కొలతతోనే చూస్తారు.

ఐఏ_నంబర్:
ఎక్కడ వెయ్యాలన్నది ఏ సెక్షన్ కింద అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. విడిగా జీడబ్ల్యూఓపీ (గార్డియన్స్ చట్టం కింద వేసే ప్రత్యేక పిటిషన్) అయితే 9వ సెక్షన్ తప్పదు, హనుమకొండ వెళ్లాల్సిందే. 1984 చట్టం జిల్లా కోర్టు కుర్చీలో ఫ్యామిలీ కోర్టును కూర్చోబెట్టింది గానీ, బిడ్డ ఊరి లెక్క మార్చలేదు. ఇక్కడ ఓపీ ఉంది కనుక అందులోనే హిందూ వివాహ చట్టం 26 కింద ఐఏ (నడుస్తున్న కేసులో వేసే మధ్యంతర దరఖాస్తు) వెయ్యండి. చాలామంది 26తో పాటు గార్డియన్స్ చట్టం 25 కూడా రాసేస్తారు, అవతలి లాయరు వెంటనే 9వ సెక్షన్ అభ్యంతరం ఎత్తుతారు.

ప్రేయర్‌లో (పిటిషన్‌లో కోర్టును కోరే భాగంలో) కస్టడీ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. బిడ్డ వయసు నాలుగే, తాత్కాలిక కస్టడీ దొరకడం కష్టం. ప్రత్యామ్నాయంగా విజిటేషన్ (బిడ్డను కలిసే హక్కు) అడగండి: ఏ వారాలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎక్కడ అప్పగించాలి, తిరిగి ఎవరు దింపాలి. వీడియో కాల్స్ కూడా. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు వాటినీ గుర్తించింది. వేళ, చోటు లేకుండా వచ్చిన ఆర్డరును తర్వాత అమలు చేయించడం నరకం.

మలక్‌పేట్_చదువరి:
మరి అప్పీలు గడువు?

వకాలత్_నామా:
1984 చట్టం 19(3) ప్రకారం 30. హిందూ వివాహ చట్టం 28(4), 2003 సవరణ తర్వాత, 90 అంటోంది. ఆ చట్టం కింది తీర్పులకు 90 వర్తిస్తుందని బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. జీడబ్ల్యూఓపీకి ఆ వాదనే లేదు. దేనికైనా 30 అనుకునే నడవండి, తీర్పు వచ్చిన రోజే కాపీ అప్లికేషన్ పెట్టండి. మధ్యంతర ఆర్డరుకు 1984 చట్టం 19(1) కింద అప్పీలు లేదు, రాజ్యాంగం 227వ ఆర్టికల్ కింద హైకోర్టులో సీఆర్పీ (సివిల్ రివిజన్ పిటిషన్) వేస్తారు.