వదిలేద్దామని కూర్చుంటే ఇంకా బిగుసుకుపోతున్నాను, ఏం చేయాలి?

రోజూ రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు టారోలోని (జోస్యానికీ, ధ్యానానికీ వాడే బొమ్మల కార్డులు) 12వ కార్డు, హ్యాంగ్డ్ మ్యాన్, ఎదురుగా పెట్టుకుని కూర్చుంటున్నాను. నా దగ్గరున్నది రైడర్ వెయిట్ డెక్, 1909లో మొదట వచ్చిన బొమ్మలే. మనిషి కుడికాలితో తలకిందులుగా వేలాడుతుంటాడు, చేతులు వెనక్కి. అయినా ముఖంలో బాధ లేదు, తల చుట్టూ వెలుగు. వేలాడే కొయ్యకు పచ్చటి ఆకులు కూడా ఉంటాయి, ఉరికంబంలా అనిపించదు. నాకు కావలసింది ఆ ప్రశాంతతే.

కానీ మూడు నాలుగు నిమిషాలకే దవడ బిగుసుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, మర్నాటి ఆఫీసు టెన్షన్ మొదలవుతుంది. శ్వాస లెక్కపెట్టి చూశాను. కార్డు మార్చి 14వది, టెంపరెన్స్, పెట్టాను. తేడా లేదు. ప్రాచీన చైనా గ్రంథం తావో తే చింగ్ 48వ అధ్యాయంలో తావో దారిలో రోజురోజుకూ తగ్గించుకుంటూ పోవాలని ఉంది కదా, అందుకని కూర్చునే సమయం సగం చేశాను. అదీ పనిచేయలేదు. (“ఊరికే రిలాక్స్ అవ్వండి” అనే సలహా మాత్రం దయచేసి వద్దు.)

ఆ తావో చెప్పే వూ వెయ్‌లో పని ఉంటుంది, బలవంతమే ఉండదంటారు. నాకేమో కదలకుండా కూర్చోవడమే బలవంతంలా ఉంది. టారో, తావో రెండూ కలిపి సాధన చేసేవాళ్ళు చెప్పండి: ఒళ్ళు బిగిసిన ఆ క్షణంలో మీరు అలాగే కూర్చుంటారా, లేక లేచి నడకలోకో, నెమ్మది కదలికల చైనా వ్యాయామం తాయ్ చీలోకో మారతారా?