లైట్ పెయింటింగ్: వెలుగు పూతా, వెలుగు గీతా?

ప్రశ్న: రాత్రిపూట సమాధుల తోటలో షట్టర్ తెరిచి ఉంచి, టార్చితో రాళ్ల మీద వెలుతురు వేస్తూ ఫొటోలు తీస్తారు కదండీ, ఆ ‘లైట్ పెయింటింగ్’కి తెలుగు మాట కావాలి. ‘కాంతి చిత్రలేఖనం’ అంటే నోట్లో ఇమడట్లేదు.

జవాబు: ఆ ఒక్క పేరు కింద రెండు పనులున్నాయండీ. టార్చి కెమెరా వైపు తిరిగి గాలిలో తిరిగితే పడేది గీత. రాయి వైపు తిరిగితే పడేది పూత. మీరడిగింది రెండోది, కాబట్టి ‘వెలుగు పూత’ అనండి. చెయ్యి కదిలే తీరు కూడా సున్నం వేసినట్టే ఉంటుంది: ఆగిన చోట మచ్చ కడుతుంది, వరస మీద వరస ఎక్కాలి. ట్రైపాడ్, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత), షట్టర్ 30 సెకన్లతో మొదలుపెట్టండి. రాయి మీద టార్చి వేసి ఫోకస్ కుదిరాక దాన్ని మాన్యువల్‌లోకి (చేత్తో తిప్పే పద్ధతికి) మార్చేయాలి, లేకపోతే చీకట్లో లెన్స్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. మీరు రాయికి రెట్టింపు దూరం జరిగితే నాలుగు రెట్ల సేపు పూయాలి. సున్నం వేసిన గోరీలు ఇట్టే తెల్లగా మాడిపోతాయి, నల్లరాయికి ఎక్కువసేపు పడుతుంది. నునుపు చేసిన గ్రానైట్ అయితే టార్చి బొమ్మనే తిప్పికొడుతుంది, పక్కకు జరగాల్సిందే.

మరో జవాబు: ‘పూత’ బాగుంది గానీ, చెక్కడాలకు ఆ మాట చాలదు. బందరు డచ్చి సమాధుల మీద 17వ శతాబ్దపు అక్షరాలు, వంశచిహ్నాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. లెన్స్ పక్కనుంచి టార్చి వేస్తే నీడ పడక పలక చదునుగా కనబడుతుంది. టార్చిని పలకకు దాదాపు ఆనించి, పక్కనుంచి వేస్తే ఒక్కో అక్షరం వెనక సన్నని నీడ లేస్తుంది. దీన్ని ‘ఏటవాలు వెలుగు’ అనొచ్చు. ఏటవాలు ఎండ అని ఎలాగూ అంటాం. ఆ డచ్చి సమాధుల చోటు రక్షిత స్థలం, సూర్యాస్తమయం తర్వాత లోపలికి వెళ్లాలంటే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

చేర్పు: అలాంటి ఫొటో కింద ‘వల్లకాడు’ అని రాయకండి దయచేసి. ఆ మాట వినగానే చితి గుర్తొస్తుంది. క్రైస్తవులది సమాధుల తోట, ముస్లింలది ఖబరస్తాన్. అక్కడివాళ్లు పిలుచుకునే పేరే రాయడం మర్యాద.

ఇంకొకరు: ఫొటోగ్రాఫ్ అంటే గ్రీకులో వెలుగు రాత. మనం ఛాయాచిత్రం అన్నాం. ఛాయ అంటే నీడే కాదు, కాంతి కూడా, రంగు కూడా (చామనఛాయలో ఉన్నది అదే). ఈ పనికి అంతకన్నా దగ్గరి మాట నాకు తోచట్లేదు. ‘ఛాయపూత’ అంటే ఎలా ఉంటుంది?

ప్రశ్న అడిగినవారు: ‘ఛాయపూత’ చెవికి ఇంపుగానే ఉంది, కానీ కొత్తవాళ్లు నీడ పూయడం అనుకుంటారేమో. ‘వెలుగు పూత’కే నా ఓటు. ఇంకో సందేహమండీ, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో ముందే లెక్క కట్టడం ఎలా?

జవాబు: ఐఎస్ఓ 6400 పెట్టి, ఎఫ్/8 మార్చకుండా పరీక్షకో ఫొటో తీయండి. ఆకాశం 4 సెకన్లకు సరిపోయిందా, ఐఎస్ఓ 100లో దానికి 64 రెట్లు, అంటే 256 సెకన్లు, బల్బ్ మోడ్‌లో (మీరు మూసేదాకా షట్టర్ తెరిచే ఉండే పద్ధతి). ముదురు బట్టలు వేసుకుని, టార్చికి మీ ఒళ్లు అడ్డు పెట్టి, నడుస్తూనే ఉండండి. ఒక్కచోట నిలబడిపోతే సగం పారదర్శకంగా మీ ఆకారం పడుతుంది.