అడ్డపొగతో అంగిలి మీద మచ్చ: జన్యు మార్పులు పిల్లలకూ వస్తాయా?

ప్రశ్న (శ్రీకాకుళం జిల్లా నుంచి)

మా అమ్మగారు పెళ్లికి ముందు నుంచే అడ్డపొగ తాగుతున్నారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం మా తీరప్రాంతపు ఆడవాళ్లలో పాత అలవాటే. ఈ మధ్య అంగిలి మీద తెల్లమచ్చ, దాని మధ్య కాస్త ఎరుపు కనిపించడంతో బయాప్సీ చేయించాం. క్యాన్సర్ కాదని, ఒక మోస్తరు డిస్‌ప్లేజియా (కణాలు అసహజంగా మారిన, క్యాన్సర్‌కు ముందు కనిపించగల స్థితి) ఉందని రిపోర్టు వచ్చింది. కణాల్లో జన్యు ఉత్పరివర్తనాలు జరిగి ఉంటాయని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి, అవి నాకూ మా చెల్లెలికీ వచ్చి ఉంటాయేమోనని భయంగా ఉంది. మేమిద్దరం పొగాకు ముట్టం. జన్యు పరీక్ష చేయించుకోవాలా? "మా అమ్మ ఇదే చుట్టతో ఎనభై ఏళ్లు బతికింది" అనే అమ్మకు ఏమని నచ్చజెప్పాలి?

సమాధానం 1 (దంతవైద్యురాలు, నోటి వ్యాధుల విభాగం)

మీ భయం తీర్చే మాట ముందు చెబుతాను. ఆ మార్పులు మీ అమ్మగారి అంగిలి పొరలోని కణాల్లో, ఆమె జీవితకాలంలో జరిగినవి. అండకణాల్లో లేవు కనుక మీకు సంక్రమించవు. ఫాంకోని ఎనీమియా వంటి అరుదైన వంశపారంపర్య వ్యాధుల్లో నోటి క్యాన్సర్ ముప్పు పుట్టుకతోనే ఎక్కువగా ఉంటుంది కానీ, మీరు రాసినదాంట్లో అటువంటి సూచన ఏదీ లేదు. మీకు జన్యు పరీక్ష అక్కర్లేదు.

పొగాకులోని నైట్రోసమైన్ల వంటి పదార్థాలు శరీరంలో రూపం మారి డీఎన్ఏకు అతుక్కుంటాయి. కణం దాన్ని బాగుచేసుకునేలోగా విభజన జరిగితే డీఎన్ఏ సంకేతంలోని తప్పు అక్షరం నకలులో స్థిరపడిపోతుంది. నిప్పు వేడికి పొర మాటిమాటికీ దెబ్బతిని, మళ్లీ పెరగవలసి రావడంతో విభజనలూ పెరుగుతాయి. అలా పడిన తప్పుల్లో చాలావాటివల్ల ఏమీ కాదు. అవి కణ విభజనను అదుపులో ఉంచే టీపీ53, సీడీకేఎన్2ఏ వంటి జన్యువుల్లో పడ్డప్పుడే చిక్కు. దెబ్బతిన్న కణాన్ని ఆపేది, అవసరమైతే చంపేది 17వ క్రోమోజోము మీది టీపీ53. నోటి క్యాన్సర్లలో అన్నిటికంటే తరచుగా చెడిపోయి కనిపించే జన్యువు అదే.

సమాధానం 2 (క్యాన్సర్ జన్యుశాస్త్ర పరిశోధకుడు)

పై సమాధానానికి ఒక విషయం చేరుస్తాను. ఒక్క ఉత్పరివర్తనంతో క్యాన్సర్ రాదు; ఒకే కణవంశంలో ఏళ్ల తరబడి అనేక మార్పులు పోగుపడాలి. 9వ క్రోమోజోము పొట్టి భుజంలో సీడీకేఎన్2ఏ ఉన్న భాగం పోవడం చాలా తొలిదశలోనే, మామూలు మచ్చల్లో కూడా కనిపిస్తుంది. మన దేశంలో ఎక్కువగా వచ్చే చిగుళ్ల, బుగ్గ క్యాన్సర్ల జన్యుక్రమాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ జీనోమ్ కన్సార్టియం భారత బృందం 2013లో ప్రచురించింది. టీపీ53, నాచ్1, క్యాస్ప్8 వంటి తెలిసిన జన్యువులతోపాటు యూఎస్‌పీ9ఎక్స్ వంటి కొత్తవీ అందులో బయటపడ్డాయి. అవి అంగిలి కణితులు కావు కనుక ఆ జాబితాను మీ అమ్మగారికి యథాతథంగా వర్తింపజేయకూడదు.

అమ్మమ్మగారి సంగతికి వస్తే, ఏ కణంలో ఏ జన్యువు దెబ్బతింటుందన్నది చాలావరకు యాదృచ్ఛికం. విషపదార్థాలను విరిచే ఎంజైముల్లో పుట్టుకతో వచ్చే తేడాల ప్రభావం స్వల్పమే. ఆమె తప్పించుకున్నంత మాత్రాన చుట్ట మంచిదవదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మచ్చను కోసి తీసేస్తే ఇక ఇబ్బంది ఉండదా?

సమాధానం 3 (దంతవైద్యురాలు)

ఉండదని హామీ ఇవ్వలేమండీ. కణితి చుట్టూ మామూలుగా కనిపించే పొర కూడా మారి ఉంటుందని 1953లోనే స్లాటర్ అనే వైద్యుడి బృందం చూపింది. అందుకే మచ్చ తీసినా చుట్ట మానాలి, పరీక్షలకు వస్తూనే ఉండాలి. తెల్లటి భాగం కంటే ఎర్రటి భాగం గురించే నాకు ఎక్కువ ఆందోళన; బయాప్సీ ముక్క ఆ ఎరుపులోంచి తీశారో లేదో కనుక్కోండి. తీయకపోతే అక్కడి నుంచి మళ్లీ తీయించాలి. పాత ముక్కను మైనంలో పొదిగి ఉంచిన పారఫిన్ బ్లాకును భద్రపరచమని ల్యాబులో చెప్పండి, మరో నిపుణుడికి చూపించాలంటే అది కావాలి.