60 మందికి ఒకే బొమ్మ: సీపీఆర్ నేర్పేదెలా?

నమస్కారం. నేను నర్సింగ్ కళాశాలలో ట్యూటర్‌ని. బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ పద్ధతికి మారాక పాఠ్యప్రణాళికలో సిమ్యులేషన్‌కు, అంటే నిజమైన రోగి బదులు బొమ్మలతో, నటనతో చేసే సాధనకు, మంచి చోటు దక్కింది. ఆలోచన బాగుంది. మా దగ్గర మాత్రం 60 మందికి ఒకే బొమ్మ ఉంది, దాని ఛాతీలో స్ప్రింగు కూడా నీరసించింది.

సీపీఆర్‌లో, అంటే గుండె ఆగిన మనిషిని బతికించే ప్రయత్నంలో, ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి, ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు ఇవ్వాలి. పరీక్షలో ఇదంతా పొల్లుపోకుండా రాస్తారు. బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చోగానే మోచేతులు వంగిపోతాయి, రెండో నిమిషానికి లోతు సగమవుతుంది. ఫోనులో సమంగా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టి గట్టి దిండ్ల మీద నొక్కిస్తున్నాను. లయ కుదిరింది కానీ, లోతు సరిపోయిందో లేదో దిండు చెప్పదు కదా! సరైన లోతుకు 'టక్' మనే చవక నమూనాను మీలో ఎవరైనా సొంతంగా తయారు చేశారా? లోపల ఏం పెట్టారు? ఎన్నాళ్లు మన్నింది?

ఇంకో చిక్కు, రోగితో మాట్లాడటం. ఇన్సులిన్ 'సబ్‌క్యుటేనియస్‌గా' (అంటే చర్మం కిందకు) తీసుకోవాలని ఒక అవ్వకు మా విద్యార్థిని వివరిస్తుంటే, ఆవిడ పాపం తల ఊపుతూనే ఉంది. రోగి పాత్ర తోటి విద్యార్థులు వేస్తే నవ్వులాటవుతోంది. ఊళ్లో పెద్దలను పిలిచి చేయించినవారుంటే, వారిని ఎలా సిద్ధం చేశారో చెప్పండి.

ఖరీదైన యంత్రాల పేర్లు మాత్రం వద్దు. యాజమాన్యాన్ని ఇప్పటికే రెండుసార్లు అడిగాను.