తెలివైన పిల్లాడు పరీక్షల్లో తడబడుతుంటే పక్కన కూర్చోవాలా, వదిలేయాలా?

చిన్నోడి అమ్మ:
మా వాడికి పదిహేనేళ్లు. గురుత్వాకర్షణ తరంగాల్ని 2015లో ఎలా పట్టుకున్నారో మొన్న రాత్రి గంటసేపు చెప్పాడు, నాకు సగమే ఎక్కింది గానీ విన్నా. అదే ఫిజిక్స్ టెస్టులో 100కి 41. హైస్కూల్ ఆఖరి పరీక్షలకి ఇంకా నాలుగు నెలలే ఉంది. వాళ్ల నాన్నేమో వదిలెయ్, ఓసారి దెబ్బ తగిలితే వాడే దారికొస్తాడంటారు, నేనేమో రోజూ పక్కన కూర్చుని చదివిస్తున్నా, రోజూ గొడవే. ఎవరిది కరెక్టు?

సూటిగా:
మీ ఆయనదేనండి. మీసాలొస్తున్న కుర్రాడి పక్కన కూర్చుని చదివించడమేంటి. తెలివుంది, బద్ధకముంది, అంతే. మీరు మోస్తున్నంత కాలం వాడు నడవడు.

పాత పేపర్లు:
ఇరవై ఏళ్లు ఆన్సర్ షీట్లు దిద్దినోణ్ణి, బద్ధకం అనే మాట అంత తొందరగా అనకండి సార్. అమ్మా, మీరు ముందు ఆ 41 వచ్చిన పేపరు తెప్పించుకుని మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. జవాబు కరెక్టే ఉండి స్టెప్పులు లేకపోవడం ఒకటి, ప్రశ్న సగమే చదివి వేరేది రాయడం ఇంకోటి, అసలు రాయకుండా వదిలేయడం మరోటి. మార్కులు అంతే పోతాయి గానీ మందు ఒకటి కాదు. బాగా తెలివుండి, దాంతో పాటే ఏడీహెచ్‌డీయో (ధ్యాస నిలవకపోవడం) డిస్‌లెక్సియానో (చదవడంలో ఇబ్బంది) డిస్‌గ్రాఫియానో (రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలుంటారు, ట్వైస్ ఎక్సెప్షనల్ అంటారు వీళ్లని. తెలివి ఆ ఇబ్బందిని కప్పేస్తుంది, ఇబ్బంది తెలివిని కప్పేస్తుంది, చూసేవాళ్లకి మామూలు పిల్లాడు, కాస్త నిర్లక్ష్యం అంతే. చిన్న క్లాసుల్లో నెట్టుకొచ్చేస్తారు, పెద్ద పేపర్లొచ్చాక దొరికిపోతారు. ఐక్యూ పరీక్షల్లో కూడా లోతుగా ఆలోచించడానికి ఒక స్కోరు, పని చేసే వేగానికి వేరే స్కోరు ఉంటాయి, రెండూ ఒకలాగే ఉండాలనేం లేదు.

సూటిగా:
ఇప్పుడు ప్రతి తక్కువ మార్కుకీ ఒక జబ్బు పేరు పెట్టేద్దామా? మా రోజుల్లో ఇవన్నీ లేవు.

పాత పేపర్లు:
పేర్లు లేవు, పిల్లలున్నారు. వాళ్లకి మొద్దు అని పేరు పెట్టాం, అంతే తేడా.

చివరి బెంచి:
నేనే ఆ పిల్లాణ్ణి, అందుకని కాస్త పెద్దగా రాస్తున్నా. చిన్నప్పట్నుంచి నువ్వు మహా తెలివైనోడివిరా అని విని విని చివరికి ఏమైందంటే, కష్టపడి చదివి ఫెయిలైతే ఆ తెలివి ఉత్తిదే అని తేలిపోతుంది, చదవకుండా ఫెయిలైతే బద్ధకం అంటారు, ఆ రెంట్లో బద్ధకస్తుడనిపించుకోవడమే నాకు నయమనిపించింది. 1998లో ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగం గురించి తర్వాతెప్పుడో చదివా, నీకు తెలివెక్కువ అని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన పజిళ్ల దగ్గర బోల్తా పడ్డాక తొందరగా చేతులెత్తేశారట, బాగా కష్టపడ్డావ్ అనిపించుకున్నోళ్లు పట్టుకుని కూర్చున్నారట. నా కథే రాసినట్టుంది.
మా నాన్న చదివించలేదు, వదిలేయనూ లేదు. అదే గదిలో ఓ మూల తన లెక్కలు తను రాసుకునేవాడు. ఇరవై ఐదు నిమిషాలకి టైమర్ మోగితే పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి, తప్పులు దిద్దేది నేనే, ఆయన చూసేవాడు కూడా కాదు. పిచ్చి పద్ధతి అనుకునేవాణ్ణి. రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు 2006లో ఇలాంటిదే పరీక్షించారు, మళ్లీ మళ్లీ చదివినోళ్లు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు, వారం తర్వాత మాత్రం మూసి రాసినోళ్లే ముందు. తిరగేయడం హాయిగా ఉంటుంది, వచ్చేసినట్టే అనిపిస్తుంది, అక్కడే మోసం.

రాత్రి డ్యూటీ:
నిద్ర సంగతి ఎవరూ అడగరేం? ఈ వయసులో 8 నుంచి 10 గంటలు కావాలి, పైగా ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుంది, తొందరగా నిద్ర పట్టదు. పొద్దున్నే లేపి చదివించడం చాలామందికి దండగ.

చిన్నోడి అమ్మ:
పేపరు తెచ్చుకున్నా. చివరి ఏడు ప్రశ్నలు, 35 మార్కులు, ముట్టుకోనే లేదు. అంటే రాసిన 65లో 41 వచ్చాయి. మూడో ప్రశ్న దగ్గర నాలుగుసార్లు కొట్టేసి మళ్లీ రాశాడు, కాగితం చిరిగి అవతలి పేజీ కనబడుతోంది. ఏంట్రా ఇది అంటే, మొదటి వాక్యం సరిగ్గా రాకపోతే తర్వాతది రాయలేనమ్మా అన్నాడు. ఇన్నాళ్లూ నేను పాఠం చెప్తున్నా, వాడికి పాఠం వచ్చు! ఆయనకి చూపిస్తే ఏమీ అనలేదు, ఆ చిరుగు మీద వేలు పెట్టి అలా ఉండిపోయారు. ఎక్స్‌ట్రా టైమ్ గురించి రేపు స్కూల్లో అడుగుతాం, స్పెషలిస్టు రిపోర్టు అడుగుతారేమో. ఈలోపు పాత పేపర్లు టైమర్ పెట్టి, కొట్టివేతలు ఒక్కసారికి మించకుండా రాయిద్దామనుకుంటున్నాం.

పాత పేపర్లు:
తెలిసిన ప్రశ్నలు ముందు రాయమనండి, వరసలో రాయాలని ఎక్కడా లేదు. చాలామంది పిల్లలకి ఈ మాట ఎవరూ చెప్పరు.

సూటిగా:
సరే, ఆ కాగితం సంగతి వేరు, అది బద్ధకం కాదు, ఒప్పుకుంటా. కానీ పక్కన కూర్చుని పాఠం చెప్పడం మాత్రం ఆపండమ్మా, అక్కడ నా మాట మీదే ఉన్నా.